జాము దాటిన సాత్వికం

రైలుకు ‘సాత్విక’ ధ్రువపత్రం ఇస్తామని 2021లో ప్రకటించినప్పుడు నవ్వి ఊరుకున్నాం. ఇప్పుడు థాలీ సాత్వికం, చిరుతిళ్ల ప్యాకెట్ సాత్వికం, పెళ్లి కేటరింగ్ సాత్వికం, ఆఖరికి అద్దె ఇల్లూ సాత్వికమే. అడిగితే గీతలో ఉందంటారు. ఉంది మరి! పదిహేడో అధ్యాయంలో మూడు రకాల ఆహారానికి మూడు శ్లోకాలున్నాయి. బోర్డు రాయించే ముందు వాటిని ఎవరైనా చదివారా అన్నదే నా అనుమానం. వాటిలో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, మాంసం పేరైనా లేదు. ఆయుస్సునూ బలాన్నీ పెంచేది, రసమూ జిడ్డూ ఉన్నది సాత్వికం. పులుపు, ఉప్పు, కారం మితిమీరితే రాజసం. ఆ లెక్కన ఉల్లి తగలని మన ఆవకాయ కూడా రాజసమే. ఉల్లి, వెల్లుల్లి నిషేధం మనుస్మృతిది, అదీ ద్విజులకు. కాశ్యప సంహిత అయితే వెల్లుల్లి కోసం ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించింది.

అసలు వినోదం తామసం దగ్గరుంది. ఆ జాబితాలో మొదటి మాట ‘యాతయామం’, అంటే వండి జాము దాటినది. జామంటే మూడు గంటలు. పొద్దున వండి, డబ్బాలో పెట్టి, ట్రాఫిక్‌లో తిప్పి, మధ్యాహ్నం రెండింటికి గుమ్మంలో దించే ‘సాత్విక థాలీ’ ఏ కోవలోకి వస్తుందో మీరే చెప్పండి.

శంకరాచార్యులు ఆ మాటకు సరిగా ఉడకనిదని అర్థం చెప్పారు కదా అని పండితులు అడ్డు రావచ్చు. సరే, ఒప్పుకున్నాను. అదే శ్లోకంలో ‘పర్యుషితం’ కూడా ఉంది, వండాక రాత్రి గడిచినదని దానికి ఆయనే అర్థం చెప్పారు. ఆరు నెలలు నిలవుండే సాత్విక లడ్డూ ఎన్ని రాత్రులు గడిపింది? చద్దన్నం తిని పొలానికి పోయే రైతు తామసుడు, నిరుటి ప్యాకెట్ చింపినవాడు సాత్వికుడు!

మాటల అర్థాలు కాలంతో మారవా అంటారు. మారతాయి. గొంతు పెంచని మనిషిని తెలుగువాళ్లం సాత్వికుడంటాం. నాట్యంలో కన్నీరు, గగుర్పాటు సాత్విక భావాలు. ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే వాటి పేరుతో ఎవరూ ఎవరినీ గెంటేయలేదు. ఈ కొత్త అర్థం గెంటడానికే పుట్టింది. కులం అడిగితే తప్పు కనుక ‘సాత్వికులకే ఇల్లు’ అంటారు. బడిపిల్లల పళ్లెంలో గుడ్డు తీసేయడానికీ ఇదే మాట. ఆకలితో వచ్చిన పిల్ల నోటిదగ్గర కూడు లాక్కోవడం ఏ గుణమో చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు. అది దుర్మార్గం.

పోనీ, బోర్డు సంగతీ గీతనే అడుగుదాం. సత్కారం కోసం, గౌరవం కోసం, డంబంగా చేసే తపస్సు రాజసమని అదే పదిహేడో అధ్యాయం. ‘నేను’ అని చెప్పుకోనివాడే సాత్విక కర్త అని పద్దెనిమిదోది. కనుక అయ్యా, ముందు ఆ బోర్డు దించండి.