జ్వరమునకు మందు, మందునకు విరుగుడు

పాలమూరు అను పూర్వనామమును విడిచి మన పట్టణము 1890వ సంవత్సరమున ఆఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను పేర మహబూబ్‌నగరమైనది. ఆ ప్రభువు ఏలుబడిలోనే, మఱి యేడేండ్లకు, 1897 ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపును చీల్చి సూక్ష్మదర్శినిలో చూచి, అంతవఱకు చెడుగాలి మీద మోపబడియుండిన చలిజ్వరపు నేరమును దోమ పైకి మఱలించెను. ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించినది గాని దోమకు శిక్ష మాత్రము పడలేదు. పడకపోగా, ఇటీవల ఆ కేసులోనికి మఱియొక ముద్దాయి వచ్చి చేరినాడు. కంటికి కనబడడు, చేతికి చిక్కడు, కోర్టుకు రాడు. పేరు ఫ్రీ రాడికల్. దేహములోని సకల దుష్కృత్యములకును ఇతడే కర్తయనియు, ఇతని నణచుటకు యాంటీఆక్సిడెంట్లు అను దివ్యాస్త్రములు కలవనియు, అవి మలేరియా చికిత్సకు బాసటగా నిలుచుననియు ఇప్పటి మందుల చీటీలు ఘోషించుచున్నవి.

ఈ అస్త్రప్రయోగమునకు మా జిల్లా మిక్కిలి అనువైన రంగస్థలము. దేశములో ఏ మూల ఆనకట్ట కట్టినను, కాలువ త్రవ్వినను, అచ్చట 'పాలమూరు లేబరు' ఉండవలసినదే. అట్లు పోయినవాడు తడికెల గుడిసెలలో నెలల తరబడి దోమల పాలై, తిరిగి వచ్చునపుడు మేస్త్రీ తెగ్గోసి యిచ్చిన నాలుగు రూకలతోపాటు క్రిమిని గూడ రక్తములో మోసికొని వచ్చుట వింత కాదు. ఒడలు వణకిన నాడు అతడు మొదట పోవునది ఊరి ఆర్‌ఎంపీ కడకు. "ఒక బాటిల్ ఎక్కియ్యి సారూ" అని తానే కోరును. బాటిల్ ఎక్కును, సూది పడును, చీటీ సిద్ధమగును. అందులో రక్తపరీక్ష ఉండినను ఉండకపోయినను, అడుగున ఒక ఎఱ్ఱని మెత్తని గోలీ మాత్రము తప్పక ఉండును. "గిదెందుకు సారూ?" అని వెంట వచ్చిన ఇల్లాలు అడుగును. "బలానికమ్మా. లోపలి విషమంత కడిగేస్తది." ఆ గోలీ పెట్టెపై విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, సెలీనియము, జింకు, లైకోపీను అని ఒక చిన్న సహస్రనామము అచ్చువేయబడి యుండును. సర్కారు దవాఖానలో మలేరియా మందు ఉచితముగా దొరకును. దానికి తోడు వచ్చిన ఈ మందునకు మాత్రము కూలిడబ్బు చెల్లింపవలెను. పెండ్లికొడుకు కట్నము వలదనగా తోడిపెండ్లికొడుకు అలిగి కూర్చుండినట్లున్నది వ్యవహారము.

వాదమును వినకయే త్రోసిపుచ్చుట ధర్మము కాదు కనుక దాని బలమెంతయో చూతము. మలేరియా తగిలినవాని దేహములో ఆక్సీకరణపు ఒత్తిడి హెచ్చును, ఇది నిజము. అతని రక్తములో విటమిన్ ఎ, సి, ఇ మొదలగునవి తగ్గియుండుట పెక్కుచోట్ల కనబడినది, ఇదియు నిజము. ఇక మిగిలినది ఒక్క గంతు: తగ్గినవి గావున నింపవలెను, నింపినయెడల రోగము కుదురును. ఈ తర్కము ననుసరించినచో, జ్వరపడినవాడు పనికి పోజాలకున్నాడు గావున వానిని పనికి తఱిమినయెడల జ్వరము దిగవలెను.

అసలు చోద్యము క్రిమి భోజనము చేయు చోట నున్నది. అది ఎఱ్ఱ రక్తకణములో జొచ్చి హిమోగ్లోబిన్‌ను భుజించును; భుజింపగా వెలువడు హీమ్ అను ఇనుపాంశము గల పదార్థము ఆ క్రిమికే విషము; కావున దానిని కరగని నల్లని స్ఫటికములుగా పేర్చి ప్రక్కకు నెట్టుకొనును. క్లోరోక్విన్ ఆ స్ఫటికములను కట్టనీయక, క్రిమిని దాని విషముతోనే చంపును. ఆర్టిమిసినిన్ కథ ఇంకను చిత్రమైనది. చైనాకు చెందిన టూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు, నాల్గవ శతాబ్దపు గె హాంగ్ వైద్యగ్రంథములోని యొక సూచనను పట్టుకొని, మాచిపత్రి జాతి మొక్కనుండి దీనిని వెలికిదీసి 2015లో నోబెల్ బహుమానము నందినది. ఆ మందులోని పెరాక్సైడ్ బంధము, హీమ్‌లోని ఇనుము సోకగనే తెగి, ఫ్రీ రాడికల్సును పుట్టించును. క్రిమిని లోపలినుండి చెఱచి చంపునవి అవియే! అనగా, ఏ ముద్దాయిని ఉరితీయుటకు ఎఱ్ఱ గోలీ బయలుదేఱినదో, ఆ ముద్దాయి ఇచ్చట రోగి పక్షమున ముందువరుసలో పోరాడుచున్నాడు. ప్రయోగశాలలో క్రిములకు ఆర్టిమిసినిన్‌తోపాటు విటమిన్ ఇ వంటి యాంటీఆక్సిడెంట్లను కలిపి చూచినవారికి మందు పదును తగ్గుట కానవచ్చినది. అమెరికాలో ఆర్విల్ లెవాండర్ అను పోషకాహార శాస్త్రజ్ఞుడు ఎలుకలకు చేపనూనె కలిపి, విటమిన్ ఇ లేకుండ తిండి పెట్టగా అవి మలేరియాను చక్కగా తట్టుకొన్నవి. విటమిన్ ఇ చేర్చగనే ఆ రక్ష తొలగినది. ఆఫ్రికాలోను, మన దేశపు కొన్ని తెగలలోను తరతరములుగా నిలిచియున్న జీ6పీడీ లోపము, రక్తకణమును ఆక్సీకరణమునకు లోకువచేయుట చేతనే మలేరియానుండి కొంత కాపాడునని విజ్ఞుల అభిప్రాయము. ప్రకృతి వేలయేండ్లుగా ఒక దారిన పోవుచుండగా, మందుల కంపెనీ ప్రతినిధి తోలుసంచి తగిలించుకొని ఎదురుదారిన వచ్చుచున్నాడు.

ఎలుకలను, గాజు పళ్లెములను చూచి మనుష్యులకు తీర్పు చెప్పరాదని అందురు, ఒప్పుకొంటిని. అయితే ఆ హితవును గోలీ అమ్మువానికి ముందుగా చెప్పవలసియుండెను. మనుష్యులలో జరిగిన పరీక్షలనే చూతము. పాపువా న్యూగినీలో పసిపిల్లలకు మూడు నెలల కొకమాఱు విటమిన్ ఎ ఇయ్యగా ఫాల్సిపారం జ్వరములు సుమారు 30 శాతము తగ్గినవని 1999లో ప్రకటింపబడినది. ఇది గట్టి ఫలితమే. కాని అది జ్వరము రాకుండ చేసిన యత్నము, వచ్చిన జ్వరమునకు చికిత్స కాదు. తీవ్రమైన మలేరియాలో ఆర్టిసునేట్‌తోపాటు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అను పేరుగల యాంటీఆక్సిడెంటును ఎక్కించి చూడగా లాభమేమియు కనబడలేదని 2009లో తేలినది. "మంచి చేయకపోయినను చెడుపు చేయదు గదా" అనువారికి 1994 నాటి ఫిన్లాండు వృత్తాంతము వినిపింపవలెను: అచ్చట 29,133 మంది పొగత్రాగు పురుషులపై జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ గోలీలు మ్రింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతము హెచ్చినది.

ఈ ఎఱ్ఱ గోలీలు పెక్కింటిలో ఫోలిక్ ఆమ్లము గూడ దూరియుండును. 2013 నాటి జాతీయ మార్గదర్శకముల ప్రకారము ఈశాన్య రాష్ట్రములు గాక తక్కినచోట్ల ఫాల్సిపారమునకు ఆర్టిసునేట్‌తో కూడ ఇయ్యవలసినది సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్. ఆ జంట మందు పని యంతయు క్రిమికి ఫోలేటు చిక్కకుండ చేయుటయే. ఒకే చీటీలో పైపంక్తి క్రిమిని పస్తుపెట్టుచుండ క్రిందిపంక్తి విస్తరి వేయుచున్నది! జాంజిబారు చెంత పెంబా దీవిలో పిల్లలకు దినదినము ఇనుము, ఫోలిక్ ఆమ్లము పంచగా, వారు దవాఖాన పాలగుటయు మరణించుటయు హెచ్చినందున ఆ పంపిణీని నడుమనే నిలిపివేసిరి. 2006లో అది లోకమునకు తెలిసినది. పెంబా సంగతి ఎఱ్ఱ గోలీ పెట్టెపై అచ్చగుటకు చోటు చాలదు కాబోలు.

ఇక పండ్ల సంగతి. మా బాలానగరు సీతాఫలము దేశమంతటను పేరుగాంచినది. చలిజ్వరములు ముసురు కాలముననే, వానలు వెనుకబట్టగా, గుట్టలపై పండి గంపలలో బజారునకు దిగును. పూర్వము జ్వరము వచ్చినవానికి మా ముసలమ్మలు దానిని చూపనైన చూపెడివారు కారు. చలువ చేయునని భయము. నేడు అదే పండు యాంటీఆక్సిడెంట్ల గనియని ఉపన్యాసములందు వెలుగుచున్నది. పండు మీద నాకు కోపము లేదు. నోరు చేదుగానున్న రోగి నాలుగు తొనలు తినగలిగిన అదియే పదివేలు. పండులోనుండు విటమిను మోతాదు ఎవ్వరి మందును చెఱపదు. చిక్కెల్ల, పండునకు వచ్చిన కీర్తిని గోలీ అపహరించుటలో నున్నది: సాక్ష్యము చెప్పునది జామకాయ, జీతము పుచ్చుకొనునది క్యాప్సూలు. పప్పు లేని జొన్నరొట్టె తిను కూలివానికి పోషణ కావలెనను మాట పరమసత్యమే. ఆ గోలీల వెలతో కొనదగిన గ్రుడ్లను, పాలను మాత్రము ఏ చీటీయు వ్రాయదు.

వైవాక్స్ మలేరియా క్రిమి కాలేయములో దాగియుండి నెలలు గడచినపిమ్మట మరల లేచును; దానిని అచ్చటనే తుదముట్టించుటకు మూడునాళ్ల క్లోరోక్విన్‌తోపాటు పదునాలుగు దినములు ప్రిమాక్విన్ వేసికొనవలెను. అదియు ఆక్సీకరణమునే ఆయుధముగా గలది. జీ6పీడీ లోపము గలవారికి రక్తకణములు చిట్లునను భయముచేత ముందు విచారించి ఇయ్యవలసినది. ఇట్టి విచారణకు తీఱిక యెవరికి? మూడవనాడు జ్వరము దిగును. ఉచితముగా వచ్చిన ప్రిమాక్విన్ చూరులో జొన్పబడును. వెలపెట్టి కొన్న ఎఱ్ఱ గోలీ మాత్రము దేవుని ప్రసాదమువలె నెలదినములు తప్పక సాగును. కొన్ని నెలలకు మరల వణకు పుట్టును, మరల అదే బల్లమీద అదే బాటిల్ వ్రేలాడును. ఈసారి చీటీలో ఎఱ్ఱ గోలీలు పూట కొకటి కాదు, రెండు. "మొన్న రాసిన డోసు సాలలేదమ్మా, గందుకే తిరగబెట్టింది."