బోర్డు కనబడ్తుందా బిడ్డా?

ఆర్మూర్‌లో పసుపు కొమ్ముకు జరిగే మర్యాద చూస్తే మనిషిగా పుట్టినందుకు కొంచెం అసూయ కలుగుతుంది. కొనేవాడు దాన్ని చేతిలోకి తీసుకుని పటుక్కున విరుస్తాడు. విరిగినచోట రంగు చూస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, తేమ ఎంతని అడుగుతాడు, కుర్కుమిన్ లెక్క తీస్తాడు. కొమ్ము వేరు, గోళ వేరు. రెండూ కలిపి ఒకే రాశి పోసిన రైతును యార్డులో ఎవరూ క్షమించరు. అదే రైతు ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు ఉంటుంది. ఆమె కళ్లు మాత్రం రెండూ కలిపి ఒకే రాశి. గుమ్మానికి తగలకుండా నడుస్తోంది, కింద పడ్డ రూపాయి బిళ్ల ఏరుకుంటోంది, ఇంకేం కావాలి?

"బోర్డు కనబడ్తలేదని పిల్లనే చెప్తది. అప్పుడు చూద్దాం తియ్."

ఇదీ మన నేత్రవైద్య సిద్ధాంతం. ఇందులోని గొప్పతనం ఏమిటంటే డాక్టరు అక్కర్లేదు, రోగమేదో రోగే తేల్చుకొస్తుంది. కానీ పుట్టిన దగ్గర్నుంచీ మసకగా చూసిన పిల్లకు లోకం మసకగానే ఉంటుందని నమ్మకం. ఎవరి మీద ఫిర్యాదు చేస్తుంది? ఇక ఒక కన్నే మసకైతే ఆ పాటి అనుమానమూ రాదు. రెండు కళ్ల నుంచీ రెండు బొమ్మలు అందితే మెదడు స్పష్టంగా ఉన్నదాన్ని పుచ్చుకుని, మసకదాన్ని పక్కన పడేస్తుంది. కొన్నేళ్లు పక్కన పడేస్తే ఆ కన్నుతో చూడటం నేర్చుకోవడమే మానేస్తుంది. దీన్ని ఆంబ్లియోపియా అంటారు, వాడుకలో సోమరి కన్ను. నిజానికి కన్ను సోమరిది కాదు పాపం, రోజూ అర్జీ పెడుతూనే ఉంటుంది. తీసుకునేవాళ్లే లేరు. మన కచేరీల పద్ధతి మెదడుకు ఎవరు నేర్పారో!

ఏడేళ్లలోపు పట్టుకుంటే దారికి తేవడం తేలిక. అద్దాలు పెట్టాలి, అవసరమైతే మంచి కన్నుకు రోజూ కాసేపు పట్టీ కట్టాలి. మరీ ముదరని కేసుల్లో రోజుకు ఆరు గంటల పట్టీ ఎంత పనిచేస్తుందో రెండు గంటలదీ అంతే పనిచేస్తుందని 2003లోనే అమెరికా పరిశోధకులు తేల్చారు. రెండు గంటలంటే ఒక సీరియలూ, దాని మధ్యలో ప్రకటనలూ. వయసు పెరిగేకొద్దీ మాత్రం ఆ మెదడు మన మాట వినదు.

బోర్డుల విషయంలో మన ఓపికను తక్కువ అంచనా వేయకూడదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు. అందులో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలి, పంటకు ధర కావాలి అన్నారు. బోర్డు 2025 జనవరి 14న మొదలైంది. ఆ నామినేషన్ల వేళ పుట్టిన పిల్లకు అప్పటికి ఆరో ఏడు నిండవస్తోంది. పసుపు బోర్డు వచ్చింది, నల్లబోర్డు గడువు దగ్గరపడింది. బోర్డు కోసం ఎండలో వరుస కట్టిన నాన్న, పిల్ల కన్ను కోసం ఒక పూట పనిమానాలంటే "పసుపు ఉడకపెట్టాలె" అంటాడు.

"అక్షరాలే రాని పిల్లకు కంటి పరీక్షేంది సార్?" అని ఇంకొక పెద్దమనిషి. ఆయన తలలో ఇంకా 1862 నడుస్తోంది, స్నెలెన్ అనే డాక్టరు కంటి పరీక్షకు అక్షరాల చార్టు తయారుచేసిన సంవత్సరం. 1976లో ఫిన్లండ్ డాక్టరమ్మ లియా హ్యువారినెన్ నాలుగు బొమ్మలతో పని తేల్చేశారు: యాపిలు, ఇల్లు, గుండ్రం, చదరం. దూరంగా చూపిన బొమ్మ లాంటిదే ఒళ్లో ఉన్న కార్డు మీద వేలితో చూపిస్తే చాలు. మన పిల్ల యాపిలును జామకాయ అన్నా పాసే. ఒక్కో కన్నూ విడిగా మూసి చూడటమే ఇందులో కిటుకు. ఒకచోట చూశాను, పిల్లవాడి అరచేతినే కన్నుకు అడ్డం పెట్టించి పరీక్ష కానిచ్చేశారు. వాడు వేళ్ల సందుల్లోంచి హాయిగా చూసి అన్నీ చెప్పాడు. దాగుడుమూతల్లో దొంగ అయినవాడికి ఆ మాత్రం రాదా?

ప్రభుత్వం కళ్లు మూసుకుందని అనలేం. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో రాష్ట్ర ప్రభుత్వపు కంటి పరీక్షల పథకం 'కంటి వెలుగు' వెలిగింది. 2023 జనవరిలో ఖమ్మంలో మళ్లీ వెలిగింది, దానికి ఢిల్లీ, పంజాబ్, కేరళ ముఖ్యమంత్రులూ వచ్చారు. రెండో విడత 18 ఏళ్లు నిండినవాళ్లకు. 18 అంకె ఎక్కడో విన్నట్టుందా? ఓటరు జాబితాలో. అయితే పిల్లలకు వేరే పథకం ఉందండీ, 2013 నుంచే ఉంది, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి, చూడాల్సిన జబ్బుల్లో చూపు లోపమూ ఒకటి. గుడ్డు ఒకటి తగ్గితే టీచరమ్మను వీధిలో నిలబెట్టి అడిగే మనం, "మా పిల్లకు కన్ను మూసి చూసిండ్రా?" అని ఎన్నిసార్లు అడిగాం?

అడగం. ఎందుకంటే అద్దాలు రాస్తారని భయం. నాలుగేళ్ల ఆడపిల్లకు అద్దాలు పెడితే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే సంబంధం ఇవాళే వెనక్కి పోతుంది. మెల్లకన్ను అయితే అసలు డాక్టరు మాటే ఎత్తకూడదు, అది అదృష్టం. అదృష్టాన్ని ఎవరైనా ఆపరేషను చేయించి తీసేసుకుంటారా? ఆదివారం పొద్దుగూకితే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి మాత్రం తప్పకుండా తీస్తాం. ఊళ్లోవాళ్ల చూపు పిల్ల మీద ఎంత పడిందో మనకు లెక్క తెలుసు.

మొన్న ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. మనవరాలు తల ఒక పక్కకు వంచి, ఫోను ముక్కుకు ఆనించి బొమ్మలు చూస్తోంది. ఎందుకట్లా చూస్తోందని అడిగాను.

"వాళ్ల తాత పోలికనే సారూ," అంది అవ్వ మురిసిపోతూ. "ఆయన గూడ అట్లనే చూస్తడు."

తాత పసుపు కొమ్ము విరిచి ఎండకు పట్టి చూస్తున్నాడు. కంటి వెలుగుల పోయినప్పుడు డాక్టరు ఏమన్నాడని అడిగితే, కొమ్ము మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"ఎడమ కన్ను చిన్నప్పటి సందే పని చేస్తలేదన్నడు. అద్దాలు పెట్టినా ఫాయిదా లేదట. నాకైతే అప్పుడే తెల్సింది."