మితవ్యయరావుగారి వసంతము

వసంతర్తువు ప్రవేశింపగానే కవికి కోకిలయు, విరహికి మలయమారుతమును, వైద్యునకు ఆటలమ్మయు జ్ఞప్తికి వచ్చునట్లు, మా రాజమహేంద్రవరమున ఇన్నీసుపేటలో కాపురముండు మితవ్యయరావుగారికి వేపచెట్లు జ్ఞప్తికి వచ్చును. ఏ చెట్టు గోడ దాటి వీథిలోనికి వంగి పూచునదో, ఏ చెట్టు పురపాలక సంఘమువారిదో, ఏ చెట్టుగల యింటి యజమాని మధ్యాహ్నము గాఢనిద్రలో నుండునో, ఇవి యన్నియు ఫాల్గుణము ముగియకమున్నే ఆయనకు కరతలామలకములు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకు వేఱొకటి యున్నది. వాడినచో అరిగిపోవునని కాబోలు, దానిని కచేరీ జీతపు పట్టీకి మాత్రము మీదు కట్టి, ఊరివారు ఉచితముగా నిచ్చిన యీ పేరుతోనే కాలక్షేపము చేయుచున్నారు.

ఆయనను లోభి యనువారు కలరు గాని, అది అన్యాయము. లోభికి రాత్రి పెట్టె తెఱచి చూచుకొన్నగాని నిద్రపట్టదు. రావుగారికి పెట్టెయే లేదు, తాలూకా కచేరీ గుమాస్తా జీతములో పెట్టె నిండునంత మిగులుటయు లేదు. పదిమందియు రూపాయి పెట్టి కొన్నదానిని తాను పదునైదణాలకు కొంటినని ఆ పదిమందికిని చెప్పుటలో ఆయనకు బ్రహ్మానందము. ఆ యొక్క అణాకై రెండు మైళ్ళు నడచి, అరుగుదల యని చెప్పులను చేత పట్టుకొని, చెమటతో తడిసి వచ్చి, మా అరుగుమీద చతికిలబడి, బేరము సాగిన వైనమును మొదటినుండి వర్ణించునపుడు ఆయన ముఖమున వెలుగు కాంతి, గొప్ప గానసభ నుండి వచ్చువారి ముఖములయందును నేను చూడలేదు. కొందఱికి చదరంగము, కొందఱికి చీట్లపేక, ఈయనకు పొదుపు. మిగిలిన అణా పిదప ఏమయ్యెనని అడిగినవారు రసజ్ఞులు కారు.

ఉగాదిపచ్చడి విషయమై ఆయనకొక సిద్ధాంతము కలదు. వేపపూవు వీథిది, మామిడిపిందె గాలికి రాలినది, ఉప్పును కారమును ఇంట నున్నవి, క్రొత్త చింతపండు, ఏడాదికి సరిపడ కొనబోవువానివలె నాలుగు కొట్లలో మచ్చు చూచి తెచ్చినది. షడ్రుచులలో వెలపెట్టి కొనవలసినది తీపి యొక్కటియే గనుక, బెల్లమును మాత్రము ఔషధమువలె తూచి వేయింతురు. 1957లో వచ్చిన హేవిళంబి నామ సంవత్సరాదినాడు ఆ పచ్చడిని నోట వేసికొన్న పురోహితుడు కనులు మూసికొని కొంతతడవు మాటాడలేదు; పిదప, "సంసారతత్త్వం బాగా పట్టారండీ" అని లేచిపోయెను.

పంచాంగము కొనుట ఆయన వంశమున లేదు. తిథివారములకు బట్టలకొట్టువారి గోడ క్యాలెండరు చాలును; ఫలితములకు ఆలయమున పంచాంగశ్రవణము కలదు. ఆ సాయంకాలము సిద్ధాంతిగారు రాశులవారిగా ఆదాయవ్యయములు చదువుచు, రావుగారి రాశికి ఆదాయము 2, వ్యయము 14 అని చెప్పగానే ఆయన సభలో లేచి నిలువబడిరి.

"సిద్ధాంతిగారూ, ఆ పద్నాలుగు సరిగ్గా చూశారా? అచ్చుతప్పేమో!"

"అచ్చుతప్పు కాదు నాయనా, గ్రహగతి."

"పోనీ, ఆ వ్యయమేదో మా ఆవిడ రాశిమీద వేసి చూడండి. వాళ్ళ పుట్టింటివారు భరిస్తారు."

సిద్ధాంతిగారు కండ్లజోడు తీసి తుడుచుకొని తరువాతి రాశికి పోయిరి.

గ్రహములు వినకపోయినను ప్రభుత్వమువారు విన్నట్లున్నది. ఆ వసంతముననే, ఏప్రిల్ 1వ తేదీని, రూపాయికి నూఱు నయాపైసలను క్రొత్త నాణెముల పద్ధతి అమలులోనికి వచ్చినది. లెక్క ప్రకారము అణాకు ఆఱుంబావు నయాపైసలు రావలెను గాని, పావు నయాపైస నాణెము లోకమున లేదు గనుక, అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని సర్దుబాటు పట్టిక నొకదానిని ప్రకటించిరి. ఊరివారందఱును ఆ పట్టికను చూచి తల పట్టుకొనగా, రావుగారు దానిని తపాలా కచేరీ గోడవద్ద నిలువబడి మూడుమాఱులు చదివి, వేదమునకు భాష్యము దొరకిన పండితునివలె ఇల్లు చేరిరి. ఎట్లన, రూపాయి సరుకును ఒక్కమాఱు కొన్నవాడు నూఱు నయాపైసలు చెల్లించును. అణా చొప్పున పదునాఱు మాఱులు కొన్నవాడు 96 మాత్రమే చెల్లించును. నాలుగు నయాపైసలు! ఇది దేశమున నలుబదికోట్ల మందికి దగ్గఱగా నున్న ప్రజలలో తనకొక్కనికే తోచెనని ఆయన విశ్వాసము.

మఱునాడుదయము కూరగాయల బజారునకు నన్ను సాక్షిగా తోడ్కొనిపోయిరి. పావలా వంకాయలు తూచుటకు తక్కెడ నెత్తిన ముసలమ్మను ఆయన వారించి, "అలా కాదమ్మా, ముందు అణాకు తూచు" అనిరి. తూచినది. ఆఱు నయాపైసలు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టి, వంకాయలు సంచిలో వేసికొని, వీపు త్రిప్పి రెండడుగులు నడచి, మరల వచ్చి, అప్పుడే ఆమెను తొలిసారి చూచినట్లు, "అణాకు వంకాయలియ్యి" అనిరి. మూడవమాఱు వచ్చునప్పటికి ముసలమ్మకు భాష్యము బోధపడినది. "కానియ్యండి బాబుగారూ. అణా బేరానికి మాత్రం మొగ్గూ లేదు, కొసరూ లేదు" అని, అంతవఱకు ఆయన పేర పక్కన పెట్టిన కరివేపాకు రెబ్బను, కొత్తిమీర కాడలను తీసి నా సంచిలో వేసినది. రావుగారు నాలుగు మాఱులకు 24 చెల్లించి ఒక నయాపైస మిగిల్చి, అటుపై అర్ధణాకు, అనగా మూడు నయాపైసలకు, కరివేపాకును కొత్తిమీరను కొనిరి. దారిలో నేనీ సంగతి మెల్లగా కదపగా ఆయన జాలిగా నవ్వి, "కరివేపాకు ఖాతా వేరండీ" అనిరి.

కుండనీరు, తాటియాకు విసనకఱ్ఱ, సాయంకాలము పుష్కరాలరేవున గోదావరి గాలి, వీనిని గూర్చి వ్రాయబోను. అవి యెల్లరును చేయునవే, వానిలో ప్రతిభ లేదు. వెన్నెల సంగతి వేఱు. చైత్ర శుద్ధ సప్తమి మొదలుకొని లాంతరు వెలిగింపరు, భోజనములు డాబామీదనే. చిన్నవాడొకరాత్రి చారనుకొని మజ్జిగలో అప్పడము ముంచి ఏడువగా, "ఊరుకోరా, కడుపులో మాత్రం లాంతరుందిట్రా?" అని ఓదార్చిరి.

శ్రీరామనవమి పందిళ్ళు ఆయనకు ఏటేటి పంటకాలము. ఏ పేట పందిటిలో హరికథ, ఎచ్చట బుఱ్ఱకథ, ఏ నాటకమునకు చివర పులిహోర పంచుదురు, అను పట్టీ కచేరీ చిత్తుకాగితము వెనుక వ్రాసి యుంచుకొందురు. పానకమునకు మరచెంబు, వడపప్పునకు కండువా కొంగు. కొత్తవారు హరికథకు ముందువరుసన కూర్చుందురు. అది అవివేకము, హారతిపళ్ళెము మొదట వచ్చునది అచ్చటికే. రావుగారి స్థానము వెనుక రాటవద్ద. పళ్ళెము పది బారల దూరమున నున్నప్పుడు ఆయనకు కనులు చెమర్చును. ఐదు బారలకు వచ్చునప్పటికి కనులు మూతపడును. దగ్గఱకు వచ్చినపుడు చూడవలయును, సీతమ్మ కష్టములకు అంతగా కరగిపోయిన భక్తుని భుజము తట్టి చిల్లర యడుగుటకు ఏ కార్యకర్తకును చేయి రాదు.

చలనచిత్రములు పందిళ్ళలో చూపరు గదా, అచ్చట చిక్కు వచ్చినది. ఆ వసంతముననే విడుదలయైన 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావును ఘటోత్కచునిగా చూచితీరవలెనని పిల్లలు ప్రాణములు తీసిరి. నేను చూచి వచ్చితినని తెలిసికొని, కథ చెప్పి పిల్లల కోరిక తీర్చవలసినదని రావుగారు నన్ను అరుగుమీద కూర్చుండబెట్టిరి. శశిరేఖ కథను రెండు గంటలు చెప్పితిని. లడ్డూలు గాలిలో ఎగిరి ఘటోత్కచుని నోట పడుటను చేతులతో అభినయించితిని. అంతయు విని చిన్నవాడు, "ఇప్పుడు సినిమాకి పోదాం నాన్నా" అనెను. గత్యంతరము లేక నేలతరగతికి నిశ్చయించిన రావుగారు బయలుదేరుటకు ముందు నన్ను రహస్యముగా అడిగినది ఒక్కటే: "ఆ విందు ఇంటర్వెల్‌కి ముందా, తరవాతా?" నా సమాధానము విని నిట్టూర్చిరి. అయినను, అంత భోజనము తెరమీద చూచిన పిల్లలు దారిలో పకోడీల బండిని చూడకుండుట కల్ల యని, నలుగురకును కంఠమువఱకు పెరుగన్నము పెట్టించి మఱీ నడిపించుకొనిపోయిరి.

వైశాఖమున ఆవకాయ. ఆయన తాతగారినాటి కత్తిపీట యొకటి కలదు. ఎంత ముదురు టెంక యైనను ఒక్క వేటునకు రెండు చెక్కలగును. వీథి వీథి యంతయు దానినే యెరువు కొనిపోవును. అద్దె పుచ్చుకొనుట ఆయనకు నామోషీ. నూఱు కాయలకు రెండు కాయలు దక్షిణ. మూడవనాడు జాడీ తిరుగగలుపుచుండగా ఉప్పు సరిచూచుటకు ఇంటింటికిని విచ్చేయుదురు. వేడియన్నము మాత్రము విస్తరిలో తామే తెచ్చుకొందురు, పరుల యన్నము తినుట అభిమానభంగము.

ఇన్నియు నొకయెత్తు, వేసవి సెలవులొకయెత్తు. ఆయన అత్తవారిది కోనసీమలో కాలువగట్టు గ్రామము. డెల్టా కాలువలను ఏటేట వేసవిలో మరమ్మతులకై కట్టివేయుదురు. తిరిగి నీరు వదలువఱకు పడవలు నడువవు. కాలువలు కట్టు తేదీని రైతులకన్న శ్రద్ధగా కనుగొని యుంచుకొనువారు రావుగారు. కట్టుటకు ముందు వారము భార్యాబిడ్డలను పడవ యెక్కించినచో, తిరుగుపడవ లేదు గనుక, తొలకరివఱకు వారి పోషణభారము మామగారిది. బస్సులున్నవని యెవరైన గుర్తుచేసినచో ఆ క్షణమున ఆయనకు చెవులు వినబడవు. కొన్ని వేసవులు ఈ పన్నాగము నిరాఘాటముగా సాగినది. మామగారు చిరకాలము కరణీకము చేసినవారని మాత్రము ఆయన మఱచిరి.

ఆ యేడును అట్లే పంపిరి. అయిదు దినములు గడచినవో లేదో, ధవళేశ్వరము రేవునకు రావలసినదని మామగారి కార్డు వచ్చినది. ధాన్యమో, కొబ్బరికాయలో పంపుచున్నారని రావుగారు గోతము చంకనబెట్టుకొని నడచివెళ్ళిరి. మోయుట కొకడు కావలెనని నన్నును రమ్మనిరి. బొబ్బర్లంక లాకు దాటి వచ్చిన కడపటి పడవనుండి మొదట ఆయన భార్య దిగినది. పిమ్మట ఆయన పిల్లలు. పిమ్మట బావమఱది పిల్లలు నలుగురు. కట్టకడపట, ఇద్దఱు పట్టుకొని దింపగా, మామగారి మేనత్త.

"కాలువ కట్టేస్తే మళ్ళీ పడవలుండవు కదా, నీళ్ళు వదిలేదాకా అందరూ పట్నంలో సరదాగా ఉంటారని నాన్నగారు పంపారండీ" అని ఇల్లాలు చెప్పినది.

రావుగారు వ్రేళ్ళమీద ఏదో లెక్కించుకొనుచు కొంతసేపు నిలువబడిరి. ఇంతలో పడవవాడు గడ్డిలో చుట్టిన పెద్ద జాడీలు రెంటిని గట్టున పెట్టుట చూచి ఆయన ముఖము వికసించినది. "కరణంగారు కరణంగారే! ఆవకాయ పంపారన్నమాట" అనుచు ఒక జాడీని రెండుచేతులను బలము పట్టి లేవనెత్తబోగా, అది తటాలున గడ్డమువఱకు లేచినది.

"ఖాళీవే మామయ్యా" అనెను బావమఱది పెద్దకొడుకు. "మీ కత్తిపీట మంచిదటగా, వచ్చేటప్పుడు రెండూ నింపుకు రమ్మన్నారు తాతయ్య."