ఇంజన్ కాక

పెద్దమందడి నుంచి వనపర్తి, కొల్లాపూర్ మీదుగా సోమశిల రేవుకు చేరినవాళ్లంతా ముందు లలితా సోమేశ్వరుడికి దండం పెట్టుకుంటారు. ఇంజన్ కాక మాత్రం తిన్నగా బోటు డ్రైవరు దగ్గరికే పోతాడు.

ఇట్లాంటి కాక మన దిక్కు ఊరికొకడుంటాడు. వయసంతా ట్రాక్టరు మీద గడిపిన మనిషి. ఏ బండెక్కినా చూపంతా ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు మీదే.

"తమ్మీ, ఎర్రబత్తి ఆరిందా?"

"ఆరింది కాకా."

"ముందుగాల వెలిగిందా? వెలగని బత్తి ఆరితే ఎంత, ఆరకపోతే ఎంత!"

తర్వాత డిప్‌స్టిక్ గుంజి, చుక్క ఆయిల్ వేళ్ల నడుమ రుద్ది, వాసన చూస్తాడు. డీజిల్ కలిసిందేమోనని ముక్కుకు, నీళ్లు కలిసి తెల్లబడిందేమోనని కంటికి పని. అయినా తృప్తి ఉండదు. ఆ పుల్ల ఆయిల్ ఎంతుందో చెబుతుంది గానీ, పంపు దాన్ని బేరింగులదాకా తోస్తోందో లేదో చెప్పదు గదా!

శ్రీశైలానికి నీళ్ల మీద దాదాపు 7 గంటల ప్రయాణం. చల్లటి ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది, ముల్లు పైకి లేచింది. కాక మొహం వెలిగింది. ఇంజన్ కాగి ఆయిల్ పలచబడగానే ముల్లు దిగింది, మొహమూ దిగింది. అది మామూలేనని ఆయనకు మనకన్నా బాగా తెలుసు. తెలిసి కూడా దిగులు పడగలగడం ఆయన ప్రత్యేకత.

డ్యాం 885 అడుగులూ నిండినా ఆయనకు పట్టదు, ముల్లు 40 దగ్గర నిలబడితే చాలు. జనం నల్లమల కొండలను ఫొటోలు తీస్తుంటే తనూ ఫోన్ తీశాడు. మీటరును ఫొటో తీసుకున్నాడు. ఇంటినుంచి ఫోనొచ్చింది, "ఎట్లున్నవ్?" అని.

"నలభై ఉంది. మంచిగుంది."

నడుమ ఒకచోట కొండను చూపించడానికి డ్రైవరు రేసు తగ్గించాడు. కాగిన ఇంజన్ స్లోలో పడితే ప్రెషర్ తగ్గడం మామూలే. కాక మాత్రం లేచి నిలబడి అరిచాడు: "పడింది! పడింది!"

ఆడవాళ్లు పిల్లలను లెక్కపెట్టుకున్నారు. ఒకాయన లైఫ్ జాకెట్ తలకిందులుగా తొడుక్కున్నాడు. "ఎవరు పడ్డరు?" అని అందరూ నీళ్లలోకి తొంగిచూస్తుంటే కాక చెప్పాడు, "ముల్లు."

తిట్టనివాడు పాపాత్ముడు. కానీ ఆయన మాటలో అబద్ధం లేదు. "సాలు చివర తిరిగేటప్పుడన్నా ట్రాక్టరుకు రవ్వంత సుఖముంటది. బోటు ఇంజన్ నీళ్లను తోస్తనే ఉండాలె. చప్పుడు మారిందని చెవికి తెలిసేసరికి బేరింగు ఖతమైతది" అంటాడు.

ఆయన ట్రాక్టరు ఇంజన్ ఇంతవరకు బోరుకు రాలేదు.