అన్న తల ఆలస్యంగా వచ్చింది

మా మేనల్లుడికి నరసరావుపేటలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా పుట్టి, పేట జిల్లా కేంద్రం అయిన దగ్గర్నుంచి వాడికి వేళకు అన్నం తినే తీరిక లేదు. కలెక్టరుగారు ఒక్కరే వచ్చారు, స్వాగతం చెప్పేవాళ్లు మాత్రం వందల మంది తేలారు. అదే ఏడాది ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం అని ప్రభుత్వం ప్రకటిస్తే మావాడు రెండు రోజులు షాపుకు తాళం వేసి ముసుగు తన్ని పడుకున్నాడు. గడువు నవంబరు 1 అన్నారు. తర్వాత 2023 జనవరి 26 అన్నారు. గడువు పొడిగించినందుకు ధన్యవాదాలు చెబుతూ ఫ్లెక్సీ వేయించే రకాలు కూడా ఊళ్లో ఉంటాయని తట్టాక లేచి తాళం తీశాడు.

వాడి బల్ల మీద రెండు మానిటర్లు, ఎదురు గోడకు 43 అంగుళాల ఫోర్‌కే టీవీ. ఎడమ మానిటర్ పేరు గురజాల, కుడి దాని పేరు మాచర్ల, టీవీ పేరు కారంపూడి. పల్నాటి యుద్ధం లెక్కన ఈ నామకరణం వాడిదే. గురజాలలో డిజైను నడుస్తుంది. మాచర్లలో తలల ఫోల్డర్లు తెరిచి ఉంటాయి. కొట్లాట మాత్రం కారంపూడిలోనే, ఎందుకంటే గిరాకీలు సోఫాలో కూర్చుని చూసేది టీవీని. "మా అన్న తలకాయ కన్నా పక్కాయనది బొటనవేలంత పెద్దగా ఉందేంది?" అని ఒకడు లేస్తాడు. పక్కాయన తాలూకు మనుషులు కూడా లేస్తారు. కార్తీకమాసంలో అసలు కారంపూడిలో వీరుల ఉత్సవం ఐదు రోజులే. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. మావాడి షాపులో ఆ ఐదూ ఒక్క పూటలో అయిపోతాయి.

శివరాత్రి ముందు ఈ మూడు రాజ్యాలకూ జబ్బు చేసింది. మాచర్లలో ఒక తల పట్టుకుని గురజాలలోకి లాగితే పొలిమేర దగ్గర ఆగిపోతోంది. ముందు కండువా వస్తుంది. కాసేపటికి మెడ. నవ్వు ఎప్పటికో. కారంపూడిలో అడుగు పెడితే మౌసు బాణం కల్లుపాక నుంచి ఇంటికి పోయేవాడిలా తూలుతూ నడుస్తోంది. రాయబారానికి వెళ్లిన అలరాజు చర్లగుడిపాడులో పడిపోయినట్టు ఒక్కోసారి దారిలోనే చచ్చిపోతోంది. మన నాయకులు రాత్రి ఒక పార్టీలో పడుకుని పొద్దున ఇంకో పార్టీలో పళ్లు తోముకునే మనుషులు. అలాంటి వాళ్ల ఫొటో ఒక స్క్రీన్ నుంచి పక్క స్క్రీన్‌కు దాటడానికి ఏడు సెకన్లు తీసుకుంటే వాళ్ల పరువేం కావాలి?

ఇక వైద్యులు బయల్దేరారు.

మొదటాయన ర్యామ్ అమ్ముతాడు. గుమ్మంలోంచే చూసి "ర్యామ్ చాలడంలా" అన్నాడు. 8 జీబీ 16 అయింది. ఆ 16 మళ్లీ 32 అయింది. ఆయన షాపులో 64 కూడా ఉందట గానీ మావాడి జేబులో లేదు. రెండో ఆయనది ఫార్మాట్ వైద్యం. "విండోస్ కొట్టి మళ్లీ ఎక్కిస్తే పువ్వులాగా తిరుగుద్ది" అన్నాడు, ఎక్కించాడు, డిస్‌ప్లే డ్రైవర్ వేయడం మర్చిపోయాడు. దాంతో బొమ్మలు గీసే బరువంతా ప్రాసెసర్ నెత్తిన పడింది. పైగా ఆ బేసిక్ డ్రైవర్‌కు ఒక్క స్క్రీనే తెలుసు, కాబట్టి గురజాల తప్ప మిగతా రెండు రాజ్యాలూ చీకటైపోయాయి. "కొత్తల్లో అట్టాగే ఉంటది" అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ఆ డ్రైవరేదో మావాడే వేసుకుంటే మిగతా రెండూ మళ్లీ వెలిగాయి, జబ్బుతో సహా.

మూడో ఆయన చెప్పింది మాత్రం తీసిపారేసేది కాదు. ఆయన సీపీయూ డబ్బా పక్క మూత విప్పి, బ్లోయర్‌తో ఊదితే షాపంతా పిడుగురాళ్ల అయింది. మా వైపు సున్నం బట్టీలు, సిమెంటు, నాపరాళ్ల ధూళి ఫ్యాను రెక్కల మీద అట్టకట్టి కూర్చుంటాయి. వేసవిలో రెంటచింతల పేరు వాతావరణ వార్తల్లో మోగే నేల ఇది. చిప్పు వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, మధ్యాహ్నం మనం అరుగు మీద వాలినట్టు. ఊదాక కాస్త నయమనిపించింది. రెండు గంటలు.

తర్వాత గిరాకీల వంతు. ప్రతివాడూ ఫోన్‌లో ఏదో వీడియో చూసి వచ్చినవాడే. టెంప్ ఫైళ్లు తీసేయమన్నాడొకడు. బ్రౌజర్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపమన్నాడు ఇంకొకడు, ఆపకూడదన్నాడు వాడి తమ్ముడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చిన కుర్రాడు మాత్రం జబ్బు సంగతి వదిలేసి, "మా బాబాయ్ ఫ్లెక్సీ 300 డీపీఐలో చేయండి, క్వాలిటీ రావాలి" అన్నాడు. ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఫ్లెక్సీని 300 డీపీఐలో చేస్తే అడ్డం 72,000 చుక్కలు, నిలువు 36,000. మొత్తం 259 కోట్లు. నాలుగు రంగుల లెక్కన ఒక్క పొరకే పది జీబీ పైన. పైగా మామూలు పీఎస్‌డీ ఫైలు ఒక వైపు 30,000 చుక్కలు దాటితే సేవ్ కాదు. 72 డీపీఐలో అదే పొర 600 ఎంబీ లోపు. మల్లమ్మ సెంటర్లో బస్సు కిటికీలోంచి చూసేవాడికి రెండిటిలోనూ వాళ్ల బాబాయ్ ఒక్కలాగే కనపడతాడు.

చివరికి ఇరవై వేల పైచిలుకు పోసి గ్రాఫిక్స్ కార్డు తెచ్చారు. రెండు ఫ్యాన్లు, వాటి చుట్టూ రంగుల లైట్లు. చిన్న సైజు ప్రభలాగా ఉంది. బిగించినాయన గురజాలను దానికి తగిలించి, డబ్బులు తీసుకుని, టీ కూడా తాగి వెళ్లాడు. గురజాల పరుగెత్తింది. మాచర్ల, కారంపూడి ఎప్పట్లాగే. గురజాల నుంచి అటు దాటించబోతే మునుపటికంటే అన్యాయం.

ఇక మిగిలింది వాస్తు. మా బావగారి స్నేహితుడు ఒకాయన వచ్చి, కంప్యూటర్ ఈశాన్యంలో ఉంది, కరెంటుతో నడిచేది అగ్నిమూలలో ఉండాలి అన్నాడు. బల్ల మార్చారు. వైర్లన్నీ పీకారు. ఏది ఎందులోదో మర్చిపోకుండా ఒక్కోదానికీ ఒక్కో రంగు గోళ్లరంగు చుక్క పెట్టి, మళ్లీ జాగ్రత్తగా దేని బెజ్జంలో దాన్నే గుచ్చారు. ఆ గోళ్లరంగు జాగ్రత్తను నేను ఇప్పటికీ మెచ్చుకుంటూ ఉంటాను.

వెనక్కి తిరిగి చూడొద్దని దేవుడు చెప్పినా గొల్లభామ చూసింది, చూసినందుకు ఆయన కొండ మీదే ఆగిపోయాడు. కోటప్పకొండ చుట్టూ ఆ కథ వింటూ పెరిగినవాళ్లం మేం. ఇంతమంది నిపుణులు వచ్చి ఒక్కరూ సీపీయూ వెనక్కి తొంగిచూడలేదంటే అది అజ్ఞానం కాదు, భక్తి.

ఆ అపచారం చేసినవాడు ప్రభలకు లైటింగ్ కట్టే ఎలక్ట్రీషియన్. శివరాత్రికి కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి ఎనభై తొంభై అడుగుల ప్రభలు కొండకు కదులుతాయి కదా, వాటిలో ఒకదానికి ఈయన వైరింగ్. ప్రభ మీద కట్టే ఫ్లెక్సీ కోసం వచ్చి రెండు గంటల నుంచి సోఫాలో ఉన్నాడు. వెనక జనరేటర్ కిరాయికి మాట్లాడి వచ్చాడట, మనిషి నిప్పు తొక్కినట్టున్నాడు.

"ఏమయ్యా, ఈ మూడిటి వైర్లూ యాడికి పోతన్నయ్యో చూశావా?"

"చూసేదేముందన్నా, అన్నీ సీపీయూకే."

"సీపీయూలో యాడికి?"

మావాడు నా వంక చూశాడు. నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

"ప్రభ ముందర నిలబడితే నీకు లైట్లే కనపడతయ్యి. ఏ లైను పోయిందో తెలవాలంటే వెనక మోకులు పట్టుకుని ఎక్కాల్సిందే" అంటూ ఆయన బల్ల కిందికి దూరాడు. సెల్‌ఫోన్ లైటు వేశాడు. గురజాల వైరు ఒక్కటే కొత్త కార్డులో ఉంది. మాచర్లది 1987 నాటి నీలిరంగు వీజీఏ పిన్ను. అదీ, కారంపూడి హెచ్‌డీఎంఐ వైరూ, రెండూ పైన మదర్‌బోర్డు బెజ్జాల్లోనే వేలాడుతున్నాయి.

ఎందుకట్లా అంటే, కార్డుకు హెచ్‌డీఎంఐ బెజ్జం ఒక్కటే. మిగతా మూడూ డిస్‌ప్లేపోర్టులు. బిగించినాయన సంచిలో ఆ కేబులూ లేదు, వీజీఏకు మార్చే కన్వర్టరూ లేదు. మళ్లీ బజారుకు పోయే ఓపిక లేక, బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్‌తో వచ్చే పాత గ్రాఫిక్స్‌ను కూడా పనిలో ఉంచి, రెండు స్క్రీన్లు దానికి వదిలేశాడు. ఇక గురజాలలో కార్డు గీసిన బొమ్మ మాచర్లకు పోవాలంటే ర్యామ్ మీదుగా మోసుకెళ్లి అవతలి చిప్పు చేతిలో పెట్టాలి. ఒక ఆఫీసు ఫైలు ఇంకో ఆఫీసుకు పోవడం ఎట్లా ఉంటుందో తెలిసిన వాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. టీవీ సంగతి ఇంకో తమాషా. మదర్‌బోర్డు మీదున్నది 2009 నాటి 1.4 రకం హెచ్‌డీఎంఐ. ఫోర్‌కే బొమ్మను అది సెకనుకు ముప్పై సార్లకు మించి మోయలేదు. అరవై సార్లు మోసే 2.0 రకం 2013లో వచ్చింది, అది కార్డుకు ఉంది. ఇరవై వేల కార్డు ఉన్న ఇంట్లో 83 లక్షల చుక్కల టీవీ పాత గుమ్మంలోంచి పాక్కుంటూ వస్తోంది.

నాకు ఉబలాటం పుట్టి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కించాను. టాస్క్ మేనేజర్‌లో రెండు జీపీయూలు విడివిడిగా కనపడ్డాయి. సున్నా నంబరుది నూటికి నూరు శాతం చాకిరీ చేస్తోంది. ఒకటో నంబరుది, లైట్లున్నది, మూడు శాతం. మావాడు కాసేపు చూసి, "ఫ్లెక్సీలో బొమ్మ ఉండేది ఈ మూడు శాతం ఆయందే మావయ్యా" అన్నాడు. వాడికి వృత్తి ఒంటబట్టింది.

ఐదొందల లోపు కన్వర్టర్, ఒక డిస్‌ప్లేపోర్టు కేబుల్. మూడూ కార్డు కిందికి వచ్చాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి పోయి కారంపూడి రిఫ్రెష్ రేటును 30 నుంచి 60కి మార్చాల్సి వచ్చింది. అది దానంతట అది మారలేదు, మనకు ఏది మారుతుంది గనక. మాచర్లలో పట్టుకున్న తల రెప్పపాటులో గురజాల దాటి కారంపూడిలో నవ్వింది. కండువాతో సహా. ఎలక్ట్రీషియన్ తన ఫ్లెక్సీ చుట్ట చంకన పెట్టుకుని, వంద తగ్గించుకుని ఇచ్చి వెళ్లాడు.

కథ ఇక్కడితో కంచికి పోవాలి. పది రోజుల తర్వాత నేను షాపుకు వెళ్తే మావాడి కళ్ల కింద నల్లగా ఉంది. ఒక అన్నగారి పుట్టినరోజు ఫ్లెక్సీ నడుస్తోంది. సోఫాలో ఏడుగురు.

"అన్నను కొంచెం ఎడమకు జరుపు. అబ్బే, కుడికి. పాతచోటే బాగుంది. ఆ మూడో వరసలో ఆయన్ని రెండో వరసలోకి ఎక్కించు. వద్దులే, ఆయన అటు పోతాడంటన్నారు, చివర్న పెట్టు. పోతే కత్తిరించొచ్చు."

మౌసు కదిలినంతసేపూ తలలు కదులుతున్నాయి. అంగుళం జరపమంటే అంగుళం, అరంగుళమంటే అరంగుళం, అడిగిన క్షణంలో. నలభై మూడు తలలతో మొదలైన ఫ్లెక్సీ అరవై ఒకటికి చేరింది. పొద్దున పదింటికి కూర్చున్నవాళ్లు మూడింటికి భోజనం తెప్పించుకుని తిన్నారు. ఇదివరకు అయితే ఒక తల జరపమనగానే మావాడు తెర వంక చూపించి, "సిస్టమ్ స్లో అన్నా, ఒక్క మార్పుకే అరగంట" అనేవాడు. కారంపూడిలో నత్తలా పాకే అన్నగారిని రెండుసార్లు చూసి, వాళ్లే "పోనీలే, ప్రింటుకిచ్చెయ్" అని లేచిపోయేవాళ్లు.

భోజనాలయ్యాక వాళ్లు చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లారు. మావాడు గుమ్మం వైపు ఒకసారి చూసి, కుర్చీ వెనక్కి జరిపి, బల్ల కిందికి దూరాడు. కార్డులోంచి టీవీ వైరు పీకిన చప్పుడు, పైన ఎక్కడో గుచ్చిన చప్పుడు వినపడ్డాయి. మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు.

"కారంపూడికి ముప్పై చాలు మావయ్యా."