పడినా పరవాలేని చోటు

మంచు కురిసే ఊరు కాదు బొమ్మిడి. సేలం–జోలార్‌పేట రైలు మార్గంలో, శేర్వరాయన్ కొండల కింద ఉంటుంది ఈ ధర్మపురి జిల్లా ఊరు. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఇంకో దుప్పటి కావాలనిపిస్తే మాకు అదే పెద్ద చలి. అలాంటి చోట సంక్రాంతి మర్నాడు పక్కింటి అరుగు మీద కూర్చుని, ఆల్ప్స్ పర్వతాల్లో స్కీయింగ్ నేర్చుకోవడానికి ఏ ఊరు మేలో మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం.

పక్కింటాయన రైల్వేలో కీమ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యారు. నాకు అన్న వరస. సుత్తి, స్పానరు భుజాన వేసుకుని ఎండలో వానలో పట్టాల వెంట నడిచి, వదులైన బిగింపులు బిగించుకుంటూ పోయిన మనిషి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఈ ఇల్లు కట్టి, కట్టగానే ఒక్కగానొక్క కొడుకు పేరిట రాసేశారు. మా వీధిలో చాలా ఇళ్లలాగే ఆ ఇంట్లోనూ తెలుగే, గడప దాటితే తమిళం. ఆ రెండూ తప్ప ఆయనకు మరో భాష రాదు. వదిన పోయాక ఒక్కడే ఉంటున్నారు. కార్తీకంలో బాత్రూంలో కాలు జారి పడితే మణికట్టు ఎముక చిట్లింది. ఆ సంగతి తెలిసి, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు పండక్కి వచ్చాడు.

కొడుక్కి నలభై రెండేళ్లు. ఎనిమిదేళ్ల కూతురు అక్కడి పిల్లలతో కలిసి మంచు వాలు మీద దూసుకుపోతుంటే, తాను కింద ఫ్లాస్కు పట్టుకుని నిలబడుతున్నాడట. "ఫిబ్రవరిలో వారం సెలవు పెట్టి నేనూ నేర్చుకుంటా చిన్నాయనా" అన్నాడు. నాకు సంతోషమేసింది. ఆ వయసులో ఓనమాల నుంచి మొదలుపెట్టడానికి ధైర్యం కావాలి.

అన్న మొదట అడిగింది ఒకటే. "వాలెంత రా?"

పట్టాల పక్కన పాతిన గ్రేడియంట్ పలకలు చదివిన మనిషి కదా, వాలు తెలియకుండా ముందుకు పోరు. జర్మనీ, ఆస్ట్రియాల్లో దారులకు నీలం, ఎరుపు, నలుపు గుర్తులుంటాయనీ, తేలికైన నీలం దారి కూడా 25 శాతం దాకా వాలి ఉండొచ్చనీ కొడుకు చెప్పాడు.

"నాలుగుకు ఒకటా! నూటికి ఒకటి ఉంటేనే మా గూడ్సు బండి ఆయాసపడేది."

"మొదటి రోజే నీలం దారికి పోము నాయనా. ముందు నర్సరీ వాలు. దాని అడుగున చదును నేల ఉండాలి, అన్నిటికన్నా అదే ముఖ్యం. ఆపుకోవడం చేతకాకపోయినా మనిషి తనంత తాను నిలిచిపోవాలి. కింద రోడ్డో చెట్లో ఉంటే ఆ ఊరు నాకొద్దు."

అన్న లోపలికి వెళ్లి, పాలలెక్క రాసుకునే నోటుబుక్కు తెచ్చుకుని ఏదో రాసుకున్నారు. మనవరాలు ఆడే ఆట మీద ముచ్చట కాబోలు అనుకున్నాను.

కొడుకు ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఫ్రాన్స్‌లోని వాల్ తొరెన్స్ 2,300 మీటర్ల ఎత్తున ఉంది, మంచుకు లోటుండదు, ఖర్చుకూ ఉండదు. ఆస్ట్రియాలోని సాంక్ట్ ఆంటోన్‌ది ఎంత పేరంటే, 1920ల్లో హానెస్ ష్నైడర్ అక్కడ బడి పెట్టి నేర్పిన పద్ధతే తర్వాత దేశదేశాలకూ పాకింది. అయినా అక్కడి వాలులు ఆరితేరినవాళ్ల కోసం, పెద్ద వయసులో మొదలుపెట్టేవాడికి కాదు. మన గుల్మార్గ్ సంగతేమిటని నేనడిగాను. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి ఒక్కడే పోటీపడ్డాడు, ఆ ఆరిఫ్ ఖాన్‌ది గుల్మార్గ్ వైపే. అక్కడి కేబుల్ కారు రెండో మజిలీ దగ్గరదగ్గర 4,000 మీటర్ల ఎత్తుకు తీసుకుపోతుంది. పైనుంచి దిగడం చేయి తిరిగినవాళ్ల పని, కొత్తవాళ్లు కింది మైదానం దగ్గరే ఉండాలన్నాడు కొడుకు. లెక్క సరిగ్గానే వేసుకున్నాడనిపించింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఊరికున్న పేరు చూసి పోకూడదు, అడుగున నేల ఎలా ఉందో చూడాలి.

చివరికి అతను ఎంచుకున్నది ఆస్ట్రియాలోని జెర్ఫాస్. ఆ ఊరి సంగతి వింటూ అన్న ముందుకు వంగి కూర్చున్నారు. ఊళ్లో కార్ల రద్దీ లేకుండా 1985లోనే నేల కింద చిన్న రైలు వేశారు. దానికి పట్టాలు, చక్రాలు లేవు, గాలి ఒత్తిడి మీద లేచి తాడు లాగితే కదులుతుంది. నాలుగే స్టేషన్లు, టికెట్ లేదు.

"పట్టాలు లేకుండా రైలా!" అని అన్న పదేపదే అడిగి చెప్పించుకున్నారు. పండగ రోజుల్లో ఆయన ముఖం అంతగా విప్పారడం అప్పుడే చూశాను.

"నేర్పేవాడు ఏ భాషలో చెప్తాడు?" అన్నారు ఆ తర్వాత.

"అది ముందే కనుక్కున్నా. నాకు జర్మన్ వచ్చుగానీ కంగారులో బుర్రకెక్కదు. ఇంగ్లీషులో చెప్పే మాస్టారే కావాలని రాశాను. పడిపోతూ ఉన్నప్పుడు అరిచే మాట అర్థం కాకపోతే ఎముక విరుగుతుంది నాయనా."

అన్న ఇదీ రాసుకున్నారు.

పైకి వెళ్లడానికి తాడు పట్టుకుని వేలాడే లిఫ్టు వద్దనుకున్నాడట. మనుషుల్ని మంచు కొండ పైకి లాగే తొలి లిఫ్టును 1908లో జర్మనీలోని షోలాఖ్‌లో నీటి మిల్లు బలంతో నడిపారు. ఆ తరహావి ఇప్పటికీ ఉన్నాయి, కొత్తవాళ్లు సగం దారిలోనే పడుతుంటారు. కాళ్ల కింద నేలే కదిలే మ్యాజిక్ కార్పెట్ అయితే ఊరికే నిలబడితే చాలు.

పడటం గురించి చాలాసేపు చెప్పాడు. మొదటి పాఠం అదేనట. వెనక్కి కాకుండా పక్కకు ఒరగాలి, లేచేముందు రెండు చెక్కలనూ వాలుకు అడ్డంగా తిప్పుకోవాలి. వేగం తగ్గాలంటే చెక్కల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరానికి పెట్టాలి. బూటును చెక్కకు పట్టి ఉంచే బిగింపు, పడ్డప్పుడు దానంతటదే ఊడిపోవాలి, లేదంటే మోకాలు మెలిపడుతుంది. మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నేర్పు చూసి ఆ స్ప్రింగు బిగువు పెడతారు.

జీవితమంతా బిగించడమే పనిగా బతికిన మనిషికి, ఊడిపోవడం కోసమే చేసిన బిగింపు వింతగా తోచింది. దాని బొమ్మ గీయించుకుని చూశారు.

"అంత చేసినా పడి లేవలేకపోతే?"

"గస్తీవాళ్లుంటారు. స్ట్రెచర్ బండి తెచ్చి కిందికి దించుతారు. ఇన్సూరెన్సు కూడా కట్టేశా."

"అసలు నీకే ఆడ నచ్చలేదనుకో. భయమేసిందనుకో."

"అందుకే జెర్ఫాస్ నాయనా! నేర్చుకునే చోటు 2,000 మీటర్ల ఎత్తున ఉన్నా, అక్కడినుంచి జారుకుంటూ రావాలనేం లేదు. కేబుల్ కారెక్కి దిగి వచ్చేయొచ్చు. తిరిగొచ్చే దారి లేని చోటికి కొత్తవాడు పోకూడదు. నాలుగు నెలలు వెతికి, ఫోన్లు చేసి, వెళ్లినవాళ్లని అడిగి మరీ తేల్చుకున్నా."

అన్న నోటుబుక్కు మూశారు. కొడుకు వైపు తృప్తిగానే చూశారు. "మంచి చోటు వెతుక్కున్నావు రా. పోయిరా" అని, కాసేపాగి మళ్లీ పుస్తకం తెరిచారు.

"ఇట్లా ఏమేం అడగాలో నాకు తెలియక ఊరుకున్నా. ఇప్పుడు తెలిసింది. ఆదివారం నన్ను చేరుస్తానంటివే, బెంగళూరు దగ్గర హోం. ఆడ బాత్రూంకు మెట్లున్నాయా, చదునుగా ఉందా?"

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. కొడుకు ఫోన్ తీసి మూడు ఫోటోలు చూపించాడు. గేటు, ముందున్న తోట, ఆఫీసు గది.

"నువ్వు పోయి చూసినావా?"

"లేదు నాయనా. ఎయిర్‌పోర్టుకు దగ్గరని ఆన్‌లైన్లోనే ఖాయం చేశా."

"చూసుకునేవాళ్లు తెలుగా, అరవమా?"

"ఎక్కువగా హిందీ."

"రాత్రిపూట పడితే ఎంతసేపట్లో వస్తారు?"

కొడుకు పలకలేదు. అన్న వేలు చివరి వరస దగ్గర ఆగింది.

"నచ్చకపోతే ఇంటికి తిరిగొచ్చేయొచ్చా?"

"ఇంటికి అడ్వాన్సు తీసేసుకున్నా నాయనా. పోయిన నెలే."