పావు శ్రుతి తక్కువ

నేను పాట పాడను. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, మా ఇంట్లో సగం గొడవలు అక్కడే మొదలయ్యాయి. నేను గారార్డ్ 401ని. ఒక మోటారు, దాంతో తిరిగే బరువైన పళ్లెం, అంతే నా ఒళ్లు. ప్లేటు మీద వాలే చెయ్యి నాకు లేదు. ముల్లు లేదు. మా ఆసామి నన్ను మద్రాసు రిచీ స్ట్రీట్‌లో ఒక పాతసామాన్ల కొట్లో కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని ఏలూరు తెచ్చాడు. పవరుపేట ఇంటి గుమ్మంలోనే అమ్మగారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "మరి పాట ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అని అడిగారు.

"రాదు. ఇంకా కొనాలి," అన్నాడాయన. నిజం చెప్పడానికి కూడా ఓ వేళాపాళా ఉండాలి.

నా వంశం సంగతి చెబితే ఆ కోపం తగ్గుతుందనుకున్నాడు పాపం. 1915లో, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, ఇంగ్లాండు రాజకుటుంబానికి నగలు చేసే గారార్డ్ వాళ్లు ఫిరంగులకు దూరం కొలిచే పరికరాల కోసం వేరే కంపెనీ పెట్టారు. యుద్ధం అయ్యాక ఆ పనివాళ్ల చేతులు ఖాళీగా ఉండకూడదు కదా, గ్రామఫోను మోటార్లలోకి దిగారు. ఊరు స్విండన్. 1954లో మా అన్న 301 వచ్చాడు, 1965లో నేను. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ చల్లారేదాకా ఇదే పురాణం. బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం చేసుకునే మనిషి నగల వ్యాపారుల కథ ఎంత గర్వంగా చెబుతాడో చూడాలి. విన్న అమ్మగారు ఒక్కటే అన్నారు: "నగలే కొనొచ్చుగా."

ఇంకా కొనాల్సినవి వరసగా వచ్చాయి. చెయ్యి ఇంగ్లాండుది, ఎస్‌ఎంఈ 3009. ముల్లు జపానుది, డెనాన్ డీఎల్-103. 1962లో అక్కడి రేడియో సంస్థ ఎన్‌హెచ్‌కేతో కలిసి తయారుచేసిన సరుకు. దాన్నుంచి వచ్చే కరెంటు వోల్టులో వెయ్యోవంతు కూడా ఉండదు, అందుకని దాన్ని పెంచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి. ఆ తర్వాత ఇంకో పెట్టె. అది ఎందుకో చెప్పడానికి మా ఆసామి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఖర్చుపెట్టాడు. ప్లేటు చెక్కేటప్పుడు మంద్రస్వరాలు తగ్గించి, తారస్వరాలు పెంచి చెక్కుతారు. తగ్గించకపోతే మంద్రానికి ముల్లు ఊగే ఊపు ఎక్కువై ఒక గాడి పక్కగాడిలోకి దూసుకుపోతుంది. తారస్వరాలు పెంచకపోతే ముల్లు రాపిడి గరగరలో అవి మునిగిపోతాయి. వినేటప్పుడు ఆ లెక్క తిరగేసి సరిచెయ్యాలి. 1954 తర్వాత దాదాపు అన్ని కంపెనీలూ ఒకే లెక్కకి వచ్చాయి.

అమ్మగారు పప్పులో రాళ్లు ఏరుతూ మొత్తం విన్నారు. "అంటే వాళ్లు పాడుచేసి అమ్ముతారు, మనం డబ్బు పెట్టి బాగుచేసుకుని వినాలి. అంతేగా?" అన్నారు.

అంతే. ఇంతకన్నా క్లుప్తంగా ఆ సంగతి చెప్పినవాళ్లని నేను చూడలేదు. కానీ మా ఆసామి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

నా మోటారు పళ్లేన్ని బెల్టుతో తిప్పదు. మోటారుకీ పళ్లెం లోపలి అంచుకీ మధ్య ఒక రబ్బరు చక్రం ఉంటుంది, అది రాసుకుంటూ తిప్పుతుంది. బలం ఎక్కువ, దాంతోపాటు అదురూ ఎక్కువే. ఆ అదురు ముల్లుకి అందితే పాట కింద సన్నగా గుర్రు వినిపిస్తుంది. అందుకని బరువైన చెక్కదిమ్మ కావాలి. దాన్ని తాడేపల్లిగూడెంలో, అమ్మగారి పుట్టింటివైపు వడ్రంగి చేశాడు. ఉల్లిపాయల మార్కెట్టు వెనక ఆయన పాక. ప్లైవుడ్ పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి, మనిషి ఒక్కడే ఎత్తలేనంత బరువు. మా ఆసామి అదురు గురించీ కంపనాల గురించీ ఊపిరి బిగబట్టి మొదలుపెట్టాడో లేదో, "రుబ్బురోలేగా బాబూ. పొత్రం తిరగాల, రోలు కదలకూడదు," అని బాడిసె అందుకున్నాడు వడ్రంగి. ఈ ఖరీదైన సరదా గురించి ఎవరికీ ఏదీ వివరించక్కర్లేకుండా పోయిన మొదటి సందర్భం అదే.

మా ఆసామి తల్లిది కొల్లేటి గట్టునున్న అటపాక. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ గూడబాతులు గుర్తొస్తాయి గానీ ఆవిడకి గుర్తొచ్చేది బందా కనకలింగేశ్వరరావు గారు. ఆ ఊళ్లోనే పుట్టి, ఏలూరులో వకీలుగా ఉంటూ, ప్రభాత్ థియేటర్ పెట్టి, 'చింతామణి'లో బిల్వమంగళుడిగా పేరు తెచ్చుకున్న మనిషి. ఆవిడ కోసం పద్యాల ప్లేట్లు, 78 తిరుగుళ్లవి, కొని తెచ్చాడు కొడుకు. నాకు 33, 45, 78 మూడూ వచ్చు. కానీ పాత ప్లేట్ల గాడి వెడల్పు, ముల్లు మొన నాలుగింతలు లావుండాలి. అంటే ఇంకో ముల్లు. "విజయవాడ రేడియోలో ఊరికే వస్తాయి కదరా," అంది పెద్దావిడ. ఆ రేడియో 1948 డిసెంబరులో మొదలైనప్పటినుంచీ వింటోంది, ఆవిడకి తానన్న మాట తప్పనిపించలేదు. నాకూ అనిపించలేదు.

ఒక్క తివాచీ మాత్రం గొడవ తేకుండా గెలిచింది. గచ్చు నేల, సున్నపు గోడలు, పాట గదిలో గంగాళంలో పడ్డట్టు మోగేది. 1851లో లండన్ ప్రదర్శనకి వెళ్లొచ్చిన ఘనత ఏలూరు తివాచీలది. ఆ ఊళ్లో ఉండి దూది, స్పాంజి కోసం వెతకడమెందుకని ఉన్ని తివాచీ ఒకటి తెచ్చి ఎదుటి గోడకి వేలాడదీశాడు. గది మారిపోయింది. పక్కింటి పిల్లాడికి కూడా తేడా తెలిసింది. అప్పటిదాకా పెట్టిన ఖర్చులో అన్నిటికన్నా తక్కువ దానికే. నేలమీద పరవాల్సిన దాన్ని గోడెక్కించారని నవ్వుకున్నారే తప్ప దాని గురించి ఎవరూ లెక్క అడగలేదు.

ఇక బావమరిది. కైకలూరు పక్కన చేపల చెరువులు. ఐదో కాంటూరు గీతకి పైన, మెరక మీద ఉండబట్టి, 2006లో సర్కారు కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాక కూడా ఇంకా చెరువులున్న మనిషి. "ముల్లెంత అన్నారు బావగారూ?" అని అడిగి, దాన్ని వెంటనే బొచ్చెలోకో శీలావతిలోకో మార్చేస్తాడు, ఎన్ని కిలోలు పడితే ఆ ముల్లు వస్తుందో. సంక్రాంతికి డేగపుంజుకి బాదంపప్పు, కైమా పెట్టి పెంచే మనిషి ఈ లెక్క వెయ్యడం నాకు వింతే. కానీ ఆయన చెవి సంగతి వేరు. చెరువు అవతలి గట్టున ఇంజను ఆడుతుంటే ఇటునుంచే దాని బేరింగు పోయిందని చెప్పేస్తాడు. ఒకరోజు ఘంటసాల పాట నడుస్తుండగా, "పాట బానే ఉంది గానీ మిషను టక్కు టక్కుమంటోంది. రబ్బరు సొట్టపడింది చూసుకోండి," అన్నాడు. నిజమే. కరెంటు పోయినప్పుడు స్విచ్చి ఆపకుండా వదిలేస్తే ఆ చక్రం మోటారుకి ఒత్తుకునే ఉండిపోతుంది, ఒకేచోట సొట్టపడుతుంది. పాటల మిషన్ల మీద అన్నన్ని పత్రికలు చదివిన మా ఆసామికి అది వినపడలేదు.

అసలు కథ గూడెం మావయ్యగారిది. అమ్మగారికి మేనమామ. పద్యనాటకాలకి హార్మోనియం వాయించి వాయించి వేళ్లు వంగిపోయినాయన. 2000 ప్రాంతంలో ఒక సాయంత్రం వచ్చి కూర్చున్నారు. మా ఆసామి ఓ పాత సినిమా పాట పెట్టి, నా పళ్లెం అంచున చెక్కిన గీతల్ని గర్వంగా చూపించాడు. వాటి మీద ఒక నియాన్ దీపం వెలుగుతుంటుంది. వేగం సరిగ్గా ఉంటే గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. తప్పితే వెనక్కో ముందుకో పాకుతాయి. ఆ రోజు రాతిలో చెక్కినట్టు నిలబడ్డాయి. వోల్టేజీ ఊగకుండా పెద్ద స్టెబిలైజరు కూడా కొని ఉన్నాడప్పటికే.

"గీతలు నిలబడ్డాయి అల్లుడుగారూ, పాటే కొంచెం కూర్చుంది," అన్నారు మావయ్యగారు.

ఇంట్లో మూలనున్న హార్మోనియం తెప్పించారు. ఒక మెట్టు నొక్కారు, పాటకి పైన పడింది. దాని కింది మెట్టు నొక్కారు, పాటకి కింద పడింది. పాట రెంటికీ నడుమ చిక్కుకుంది. పావు శ్రుతి తక్కువ. "హార్మోనియం పాతదేమో" అన్నాడు ఆసామి. "రాత్రి భోజనాలయ్యాక మళ్లీ పెట్టండి" అన్నారాయన. పదకొండు దాటాక పెడితే పాట సరిగ్గా పై మెట్టు మీదకి వచ్చి కూర్చుంది. గీతలు అప్పుడూ అలాగే నిలబడి ఉన్నాయి.

తప్పు నాది కాదు, దీపానిదీ కాదు. నా మోటారు వేగం వోల్టేజీ కన్నా ఎక్కువగా కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందన్న దాని మీద నడుస్తుంది. లెక్క ప్రకారం 50 సార్లు. ఆ రోజుల్లో సాయంత్రం వేళ దక్షిణాది గ్రిడ్డు 48.5 దాకా దిగేది. అంటే నూటికి మూడు వంతులు తక్కువ, 33 చిల్లర తిరగాల్సిన ప్లేటు 32 చిల్లరే తిరిగేది. మరి గీతలు ఎందుకు కదల్లేదంటే, ఆ దీపం తాగేదీ అదే కరెంటు. నేనెంత మందగిస్తే అదీ అంతే మందగించి మినుకుతుంది. ఇద్దరం కలిసే ఆలస్యమవుతాం, ఒకరినొకరం సమర్థించుకుంటాం. గడియారం చూడని హార్మోనియం ఒక్కటే మాకు చిక్కులు తెచ్చింది.

ఆ రాత్రి ఆసామి నిద్రపోలేదు. గడియారాల్లో వాడే స్ఫటికంతో సరిగ్గా 50 కొట్టే చిన్న సర్క్యూటు కట్టించాడు. దాన్ని పెంచి నాకు పెట్టడానికి మంచి ఆంప్లిఫయర్ కావాలి. నేను తాగేది ఇరవై వాట్లలోపే. పెళ్లిపందిళ్లకి అద్దెకిచ్చే మైకుసెట్టు కొట్లో అహూజా ఆంప్లిఫయర్ ఒకటి దొరికింది. వంద వోల్టుల లైను ఉంటుంది దానికి, ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కలిపితే సరిపోయింది. స్విండన్ పుట్టుక, జపాను ముల్లు, ఇన్నీ పెట్టుకుని చివరికి పెళ్లిపందిళ్ల ఆంప్లిఫయర్ పాలు తాగి పెరిగాను నేను. అది తగిలించిన పూట సాయంత్రం ఆరింటికే పాట పై మెట్టు మీద కూర్చుంది. మావయ్యగారు తల ఊపారు. అమ్మగారు తొలిసారి పాట అయ్యేదాకా కదల్లేదు.

అయితే 2003 జనవరి నుంచి దక్షిణాదిలో కరెంటు అమ్మకాల లెక్కలు మారాయి. గ్రిడ్డు కిందికి దిగినప్పుడు ఎక్కువ వాడుకున్నవాళ్లు ఎక్కువ కట్టాలన్నారు. దాంతో 48లు పోయి 49లు, 50లు వచ్చాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు లైనుతో దేశమంతా ఒకటే గ్రిడ్డయింది. "కాస్త ఆగుంటే సర్కారే చేసిపెట్టేది కదండీ బావగారూ," అని బావమరిది ఇప్పటికీ అంటాడు.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వాళ్ల ఊరివాళ్లు మైకు కావాలంటే, ఇక పనిలేక మంచం కింద చేరిన ఆ ఆంప్లిఫయర్‌ని వాన్‌లో వేసుకుపోయాడు. "అక్కా, బావగారు కొన్నవాట్లో పనికొచ్చే సామాను ఇదొక్కటే," అని గుమ్మంలో అన్నాడు. ఇంకా తిరిగి తేలేదు. మా ఆసామి అడగలేదు, ఈలోగా కొత్త ముల్లు ధర చూస్తున్నాడు.